గుంటకాడి బంతి

సూర్యాపేటలో ఆ గదిలో కూర్చుని తిన్నవాళ్లలో ఇప్పుడు బతికున్నది నేనొక్కణ్నే అనుకుంటాను. గది పెద్దదేమీ కాదు. ఇంటి వెనక భాగంలో, పెరటిని ఆనుకొని ఉండేది. కిటికీ ఒక్కటే. నేల నడుమ మూడడుగుల చదరపు గుంట. గుంట అంచుల చుట్టూ షాబాదు బండలు, లోపల జల్లెడ పట్టిన మెత్తటి బూడిద, బూడిద మధ్యలో తుమ్మబొగ్గుల నిప్పు. పైన దూలానికి ఎడ్లబండి గొలుసు కట్టి, దాని కొసన బావిలో పడ్డ బొక్కెనను తీసే కొక్కెం ఒకటి వేలాడదీశారు. ఆ కొక్కేనికి ఇత్తడి గిన్నె. గుంటకు నాలుగు వైపులా నాలుగు పీటలు. ఐదో మనిషికి చోటు లేదు. ఉండకూడదనే అలా కట్టించారు.

కట్టించినాయన్ని ఊళ్లో అందరూ బొంబాయాయన అనేవారు. వయసులో ఉండగా బొంబాయి వెళ్లి, పత్తి కొనే ఒక జపాను కంపెనీలో పదిహేనేళ్లు గుమాస్తాగా పనిచేసి వచ్చాడు. ఆ కంపెనీ పెద్ద మేనేజరు తన బంగళాలో ఒక గది నేల తవ్వించి, వాళ్ల దేశపు పద్ధతిలో నిప్పుల గుంట పెట్టించుకున్నాడట. చలికాలంలో ఇద్దరు ముగ్గుర్ని పిలిచి, ఆ గుంట చుట్టూ కూర్చోబెట్టి, చేపలు పుల్లలకు గుచ్చి బూడిదలో పాతి, కాలినవి కాలినట్టే చేతికి అందిస్తూ తినేవాడట. మా బొంబాయాయన్ని ఒకే ఒక్కసారి పిలిచాడు. ఆ ఒక్కసారి ఆయన జన్మంతా మరచిపోలేదు. యుద్ధం వచ్చింది, కంపెనీ మూతపడింది, మేనేజరును ఎక్కడికో తీసుకుపోయారు. ఈయన ఒక రేకు పెట్టెతో సూర్యాపేట వచ్చి, కోదాడ బాటలో జిన్నింగు మిల్లు పెట్టి, ఇల్లు కట్టి, ఇంట్లో గుంట తవ్వించాడు.

తవ్వడానికి వచ్చిన మేస్త్రీ పార పక్కన పెట్టి కూర్చున్నాడట. "ఇంట్ల గుంట తవ్వుడేంది పటేలా? పీనుగ లేసినప్పుడు జెప్పుండ్రి, వస్త" అన్నాడట. చివరికి కొబ్బరికాయ కొట్టించి, ఆ మేస్త్రీ తాను వేయకుండా తన బామ్మర్ది చేత మొదటి పారవేటు వేయించాడని చెప్పుకునేవాళ్లు. ఊరు కూడా ఊరుకోలేదు. "బొంబాయాయన ఇంట్లనే హోమగుండం వెట్టిండు, పెండ్లిపిల్లనే దొరకలే" అని నవ్వుకున్నారు. అక్కడ జరిగే భోజనాలకు 'గుంటకాడి బంతి' అన్న పేరు అలాగే వచ్చింది.

నవ్వు ఎక్కువ రోజులు సాగలేదు. ఆ గదిలోకి ఎవరు వెళ్తున్నారో చూశాక నోళ్లు మూతపడ్డాయి. నవాబు పాలనలో తాలూకా ఆఫీసరు వచ్చి ఆ పీట మీద కూర్చున్నాడు. తర్వాత రజాకార్ల పెత్తనం నడిచిన రోజుల్లో వాళ్ల మనుషులు కూర్చున్నారు. యూనియన్ సైన్యం వచ్చాక వాళ్ల వెనక వచ్చిన కొత్త ఆఫీసర్లు కూర్చున్నారు. గుంట అదే, బూడిద అదే, పీటల మీది మనుషులు మారారు. నలుగురే కూర్చునే చోట చెప్పిన మాట బయటికి రాదని అందరికీ నమ్మకం. మూడు కాలాల్లోనూ అందరికీ ఒకటే రుచి.

రుచి మాత్రం వంటామెది. ఆమె బొంబాయాయనకు వరసకు చెల్లెలు, దూరపు చుట్టం. ఆత్మకూరు వైపు పల్లె. భర్త పోయాక పుట్టింటివాళ్లు పట్టించుకోకపోతే ఈయన పిలిపించి వంటింట్లో పెట్టాడు. ఏడాదిలో సగం ఇక్కడ, పంటల వేళ పల్లెలో కొడుకు దగ్గర. ఆమె అన్నా అని పిలిచేది, ఆయన చెల్లే అని పిలిచేవాడు. జీతం మాట ఎప్పుడూ రాలేదు. చుట్టరికంలో జీతమేమిటి? నిప్పు విషయంలో ఆమెకున్న చెయ్యి నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. గరిటె వెనకతో బూడిదను అటు జరిపి, ఇటు జరిపి, ఒకే గుంటలో ఒక మూల కొర్రమట్ట చేపను నిదానంగా కాల్చేది, ఇంకో మూల జొన్నరొట్టెను ఉబ్బించేది, నడుమ గిన్నెలో మాంసం పులుసును ఉడకనిచ్చేది. పుల్లలకు గుచ్చిన చేపలు గుంట చుట్టూ ఏటవాలుగా నిలబడి ఉండేవి. నూనె చుక్క నిప్పులో పడి చుయ్యిమన్నప్పుడల్లా ఆమె ఆ పుల్లను చూడకుండానే తిప్పేది.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. బెజవాడ నుంచి వచ్చే ఒక దినపత్రికకు సూర్యాపేట విలేకరిని. విలేకరి అంటే రాసిన కాగితాలు కవర్లో పెట్టుకొని కోదాడ దాకా వెళ్లి, సరిహద్దు దాటే బస్సు వాళ్లకు అందించేవాడు అని అర్థం. సూర్యాపేట-కోదాడ బస్సు అప్పటికింకా బొగ్గుతోనే నడిచేది. వెనక పెద్ద పీపాలో బొగ్గు రాజేసి, ఆ పొగతో ఇంజను తిప్పేవాళ్లు. మునగాల దాటాక ఎత్తు వస్తే అందరం దిగి నెట్టాలి. ఒక్కోసారి బొగ్గు మసి నా వార్తల మీద కూడా పడేది. బొంబాయాయన నన్ను గుంట దగ్గరికి పిలవడం మొదలుపెట్టింది నా రాత చూసి కాదు. పత్రికాయన పక్కనుంటే వచ్చిన ఆఫీసరు కాస్త సరిగ్గా కూర్చుంటాడని. నాకు అది తెలుసు. తెలిసే వెళ్లేవాణ్ని. కడుపు నిండేది, వార్త దొరికేది.

సైన్యం వచ్చిన తర్వాతి చలికాలంలో వంటామె కొడుకును పట్టుకుపోయారు. ఇరవై ఏళ్లవాడు, సొంత మెట్టచెలక దున్నుకునేవాడు. ఒక సాయంత్రం ముగ్గురు మనుషులు వాళ్లింటికి వచ్చి అన్నం అడిగితే పెట్టారు. వచ్చినవాళ్లు అడవిలో తిరిగే కమ్యూనిస్టు దళం వాళ్లని తర్వాత పోలీసులు చెప్పారు. పెట్టింది కొడుకు కాదు, తల్లి. ఆ వారం ఆమె పల్లెలోనే ఉంది. పోలీసులు వచ్చేసరికి ఆమె మళ్లీ సూర్యాపేట వంటింట్లో ఉంది, వాడు చెలకలో ఉన్నాడు. పట్టుకుపోయి మిర్యాలగూడ దగ్గర ఒక మూతపడ్డ బియ్యం మిల్లు గోదాములో పెట్టారు.

"ఎవరు, ఏంది అని అడగలేదా పెద్దమ్మా?" అన్నాన్నేను ఆ కబురు తెలిసిన రోజు.

"తినేటోన్ని ఎట్లడుగుతం బిడ్డా?" అంది. "చెయ్యి ఎంగిలి ఉండంగ అడుగొద్దు. చెయ్యి కడిగినంక అడుగుదమనుకున్న. గాళ్లు బైటనే చెయ్యి గడుక్కొని గట్లనే వొయిండ్రు."

ఈ మాట నేను కొంచెం విడమర్చి చెప్పాలి. ఆమె పల్లెలో, మా సూర్యాపేట ఇళ్లలో కూడా పాతవాళ్లకు ఒక పట్టింపు ఉండేది. తింటున్న మనిషిని ఏదీ అడగకూడదు. పేరు అడగకూడదు, కోరిక కోరకూడదు, తగాదా తీయకూడదు. చేతిలో ముద్ద ఉండగా అడిగితే పెట్టిన అన్నం అన్నం కాకుండా పోతుంది, లంచమవుతుంది. అతను కాదనలేక అవునంటాడు, ఆ అవును నిలవదు. అందుకే భోజనమయ్యాక చెంబుతో చేతిమీద నీళ్లు పోసి, తువ్వాలు అందించి, అప్పుడు నోరు తెరవాలి. తుడుచుకున్న చేత్తో ఇచ్చిన మాటే మాట. బొంబాయాయన పనులన్నీ కూడా అలాగే సాగేవి. పెరట్లో చేతులు కడిగే బండ ఒకటి ఉండేది. ఆఫీసరును అక్కడికి తీసుకెళ్లి, తానే నీళ్లు పోసి, ఆ రెండు నిమిషాల్లో కావలసింది అడిగేసేవాడు.

కోదాడలో నేను కవరు ఇచ్చే టీ కొట్టు దగ్గర ఒకరోజు, సరిహద్దు చెక్‌పోస్టులో రాతపని చేసే ఒకాయన కలిశాడు. కోదాడ మాటలో అప్పటికే సగం అవతలి యాస.

"మీ సూర్యాపేట వాళ్లు ఎవరైనా ఉన్నారా ఆ మిర్యాలగూడ మిల్లులో?" అని అడిగాడు.

"ఒక్కడున్నాడు. ఎందుకు?"

"ఉంటే తొందరపడండి మరి. ఎల్లుండి లారీ వస్తందంట. కొంతమందిని వదిలేస్తారు, మిగతావాళ్లను ఎక్కడో మరాఠీ దేశం జైలుకు పంపిస్తారు. ఎవర్ని వదలాలో ఆ కొత్త ఆఫీసరే గీత పెడతాడు. గుంటూరు దిక్కు మనిషి, చెడ్డోడేం కాదు. ఇంటోళ్లు వచ్చి అడిగితే వదిలేస్తన్నాడు."

"ఎప్పుడు గీత పెడతాడు?"

"రేపు ఇటే వస్తాడు. కోదాడ చూసుకొని, సూర్యాపేట మీదుగా సాయంత్రానికి మిర్యాలగూడ చేరతాడు. అక్కడే."

నేను తిరుగు బస్సులో వచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్లి చెప్పాను. ఆమె చేతిలో చేట అలాగే ఉంది. లేచి వెళ్లి బొంబాయాయన ముందు నిలబడింది. నేను గడపలో ఉన్నాను.

"అన్నా, రేపు గా సారును బువ్వకు పిలువు."

"పిలుద్దమనే ఉన్న చెల్లె. మిల్లు సంగతి గూడ ఉన్నది." ఆయన జిన్నింగు మిల్లును సైన్యం వాళ్లు సామాను పెట్టుకోవడానికి తీసుకొని ఇంకా వదల్లేదు.

"పిల్లగాని మాట నువ్వు చెప్తవా?"

"నేను చెప్తె పెద్దమనిషి సిఫారసు అయితది. తల్లివి, నువ్వు జెప్పుకో. చెయ్యి కడిగేటప్పుడు బండకాడ ఉండు, చెంబు నువ్వే వట్టుకో. నేను పక్కకు జరుగుత."

ఆమె వంగి ఆయన కాళ్లకు మొక్కబోతే వద్దన్నాడు. వద్దనేటప్పుడు ఆయన గొంతులో నిజమే ఉందని అప్పుడు అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. మనిషి ఒకరోజు నిజమే చెప్పి మర్నాడు మారడం నా పత్రికా జీవితంలో చాలాసార్లు చూశాను.

రాత్రిళ్లు కర్ఫ్యూ కాబట్టి భోజనం మధ్యాహ్నం. ఆమె తెల్లవారుజామునే బొగ్గు ఏరి, చిటపటమనే ముక్కలన్నీ తీసేసింది. కోస్తా వాళ్లు కారం తింటారని ఎవరో చెబితే రెండు రకాల కారం నూరింది. ఉతికిన చీర కట్టుకుంది. ఏం చెప్పాలో నన్నడిగింది.

"'ఒక్కడే కొడుకు, బువ్వ వెట్టింది నేను' అని చెప్పు. గంతే చాలు."

"'పెట్టింది నేను' అంటె నన్ను వట్టుకపోతరా?"

"పట్టుకపోరు పెద్దమ్మా."

"పట్టుకపోయినా మంచిదే" అంది.

ఆఫీసరు వచ్చాడు. నలభై దాటిన మనిషి, సన్నగా, మర్యాదగా ఉన్నాడు. బూట్లు గడప దగ్గరే విప్పాడు. నాలుగు పీటల మీద నలుగురం కూర్చున్నాం. ఆఫీసరు, బొంబాయాయన, నేను, బడి హెడ్మాస్టరు. హెడ్మాస్టరును ఎప్పుడూ నాలుగో పీటకు పిలిచేవారు, మాట పడిపోకుండా చూస్తాడని. ఆమె ఆఫీసరుకూ నాకూ నడుమ మూలన మోకాళ్ల మీద కూర్చుని నిప్పు చూసుకుంటోంది.

"బలే ఏర్పాటండీ ఇది" అన్నాడు ఆఫీసరు గొలుసును చూసి. "ఎక్కడిది?"

బొంబాయాయన తన జపాను మేనేజరు కథంతా చెప్పాడు. ఆఫీసరు వింటూ రొట్టె తుంచి పులుసులో ముంచి తిన్నాడు. "జొన్నరొట్టె ఇంత బావుంటుందని తెలీదండీ. మా వైపు జొన్నలు పశువులకేస్తాం."

"మా దిక్కు గూడ గంతే సారు" అన్నాడు హెడ్మాస్టరు తల ఎత్తకుండా. "మంచి పశువులకే ఏస్తం."

ఆఫీసరు ఒక క్షణం ఆగి గట్టిగా నవ్వాడు. అందరం నవ్వాం. ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు మీదే ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు. చేతిలో చేపముక్క ఉంది.

"ఏవమ్మా, ఇంత బాగా వండి పెడుతున్నావు. నీకేమన్నా కావాలా? చెప్పు."

ఆమె చెయ్యి పుల్ల మీద ఆగింది. నా వైపు చూడలేదు, బొంబాయాయన వైపు చూడలేదు. ఆఫీసరు చేతి వైపు చూసింది. అన్నం అంటిన చెయ్యి.

"మీరు తినుండ్రి సారు" అంది. "బువ్వకాడ ఏం మాటలు? తినుండ్రి."

"ఫరవాలేదు, చెప్పమ్మా. ఏమన్నా ఉంటే చెప్పు."

"ఏం లేదు సారు. ముందుగాల తినుండ్రి." పుల్ల తీసి ఇంకో చేప ఆయన విస్తట్లో పెట్టింది.

ఆయన తల ఊపి తినసాగాడు. ఆ 'ముందుగాల' అన్న మాటలో ఆమె ప్రాణమంతా ఉంది. ముందు తిను, తర్వాత చెబుతాను అని. మా నలుగురిలో ముగ్గురికి అది తెలుసు. తెలియంది ఆయనొక్కడికే. నేను ఒక్క మాట అనవచ్చు. 'సారు, ఆమె కొడుకు మీ దగ్గరున్నాడు' అంటే చాలు. నేను అనలేదు. చెయ్యి కడిగేదాకా ఆగితే ఆమే చెబుతుంది కదా అనుకున్నాను. ఆమె పట్టింపు నాకూ పట్టింపే. పైగా పక్కమనిషి పనిలో పత్రికాయన తలదూర్చితే మళ్లీ ఆ పీట మీదికి పిలుస్తారా అన్న లెక్క కూడా మనసులో ఉంది.

భోజనం ముగింపుకు వచ్చింది. మజ్జిగ పోసి ఆమె లేచింది. చెంబు, తువ్వాలు తీసుకొని పెరట్లోకి, బండ దగ్గరికి వెళ్లింది. తలుపులోంచి ఆమె నీడ కనిపిస్తోంది.

అప్పుడు బొంబాయాయన ముందు తలుపు వైపు చూసి చిటిక వేశాడు. ఒక మనిషి చిలుంచి పట్టుకొచ్చాడు. చిలుంచి అంటే నవాబుల ఇళ్లలో కూర్చున్నచోటే చేతులు కడిగించే ఇత్తడి పళ్లెం. ఆ ఇంట్లో అది ఒకటుందని నాకు తెలుసు, ఎప్పుడూ వాడగా చూడలేదు.

"బైట చలి ఉన్నది సారు, గీడనే కడుక్కోండ్రి" అని బొంబాయాయన ఆఫీసరు చేతిమీద తానే నీళ్లు పోశాడు. పోస్తూనే మిల్లు మాట ఎత్తాడు. సైన్యం సామాను, పత్తి రావడం, కూలీలకు పని లేకపోవడం, అన్నీ వరసగా చెప్పాడు. ఆఫీసరు చెయ్యి తుడుచుకుంటూ "చూద్దాం, పై వారంలో ఖాళీ చేయిస్తాను" అన్నాడు. లేచాడు. ముందు తలుపు దగ్గర బూట్లు ఉన్నాయి, జీపు ఉంది.

హెడ్మాస్టరు నా వైపు చూశాడు. నేను నా చేతి వైపు చూసుకున్నాను. ఎంగిలి చెయ్యి. ఎంగిలి చేత్తో మాట్లాడకూడదు. ఆ క్షణంలో నాకు దొరికిన సాకు అది. పట్టింపు అడిగించుకునేవాడి చేతికే గాని అడిగేవాడి చేతికి లేదని నాకు తెలుసు.

జీపు శబ్దం విని ఆమె గడపలోకి వచ్చింది. చెంబు చేతిలోనే ఉంది. నిండుగా ఉంది.

"సారు చెయ్యి గడగలే గద బిడ్డా?"

"లోపలే కడిగిండు పెద్దమ్మా."

ఆమె చిలుంచిలోని నీళ్లు చూసింది. ఆ నీళ్ల మీద పసుపు, నూనె తేలుతున్నాయి. చెంబు కింద పెట్టి, గుంట దగ్గర కూర్చుని, నిప్పు మీదికి గరిటెతో బూడిద జరిపింది. ప్రతిరోజూ చేసినట్టే.

బొంబాయాయన వీధిలోంచి తిరిగి వచ్చి, "చెల్లె, మర్చిపోయిన. చలి అని చిలుంచి తెప్పిచ్చిన. మల్లొకసారి పిలుద్దం" అన్నాడు.

"ఎల్లుండి లారీ అన్నరు గదనే నిన్న" అంది ఆమె. నిన్నటికి ఎల్లుండంటే రేపు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు ఆమెనూ తీసుకొని మిర్యాలగూడ వెళ్లాను. రొట్టెలు మూటకట్టుకొని వచ్చింది, కొడుకుకు కొన్ని, సారుకు కొన్ని. మాడుగులపల్లి దగ్గర బస్సు ఆగింది. బొగ్గు చాలదని పీపాలో కట్టెలు వేశారు. అక్కడ చాలాసేపు కూర్చున్నాం. ఆమె డ్రైవరును రెండుసార్లు అడిగింది.

"జర జల్ది పోనియ్యి కొడుకా."

"నీకేం లగ్గానికి పోయేదున్నదా అవ్వా?" అన్నాడు డ్రైవరు. "గిదేమన్న గుర్రమా కొడితె ఉరుకనీకి?"

మేం మిల్లు చేరేసరికి లారీ వెళ్లిపోయింది. గేటు బయట మట్టిలో చక్రాల గుర్తులు, నాలుగైదు బీడీ ముక్కలు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఏడుస్తున్నారు, ఒకామె వదిలేసిన కొడుకును పట్టుకొని నిలబడి ఉంది. వంటామెను గేటు దగ్గర కూర్చోబెట్టి, పత్రికవాణ్నని చెప్పి లోపలికి వెళ్లాను. ఆఫీసరు నన్ను గుర్తుపట్టాడు.

"ఓ, మీరా! నిన్న భోజనం ఇంకా నోట్లోనే ఉందండీ."

విషయం చెప్పాను. ఆయన కలం కింద పెట్టాడు.

"తెలుసండీ. ఆ కుర్రాడు నాతో చెప్పాడు. సూర్యాపేటలో ఫలానా ఇంట్లో మా అమ్మ వంట చేస్తుందని. అందుకే కదా అడిగాను? మీరు పక్కనే ఉన్నారు. రెండుసార్లు అడిగాను. ఏమీ లేదు, తినమంది. అయినా భోజనమయ్యాక అటూ ఇటూ చూశాను, కనపడలేదు. సరే, కొడుకు మీద ఏ కోపమో ఏమో, కన్నతల్లే అడగకపోతే మధ్యలో నేనెవర్నండీ అనుకున్నాను."

"తింటున్నప్పుడు అడగరండీ మా వైపు" అన్నాను.

ఆయన అర్థం కానట్టు చూశాడు. "మా వైపు అన్నం దగ్గరేనండీ అన్నీ మాట్లాడుకునేది. పెళ్లిళ్లు కూడా." తర్వాత నెమ్మదిగా, "పేర్లు పై ఆఫీసుకు వెళ్లిపోయాయి. ఇక నా చేతిలో లేదు" అన్నాడు. చెడ్డవాడు కాదు. కోదాడలో ఆ మనిషి చెప్పింది నిజమే.

బయటికి వచ్చి, లారీ వెళ్లిపోయిందనీ, దరఖాస్తు పెడదామనీ చెప్పాను. ఆయన అన్న మాట చెప్పలేదు. ఆమె రొట్టెల మూట అక్కడ ఏడుస్తున్న ఆడవాళ్ల చేతిలో పెట్టి లేచింది.

పై వారం జిన్నింగు మిల్లు ఖాళీ అయింది. నేను రెండు రోజులు ఆగి బొంబాయాయన్ని అడిగాను, చిలుంచి ఎందుకు తెప్పించారని. చలి అన్నాడు మొదట. నేను లేవకపోయేసరికి, "ఒక్క పని మీద పిలిచిన మనిషికి రెండు పనులు చెప్తె ఒక్కటి గూడ గాదు. పత్రికల ఉండి నీకు గది దెల్వదా?" అన్నాడు. పైగా దళానికి అన్నం పెట్టినవాడు తన ఇంటి చుట్టమని తెలిస్తే మిల్లు ఏమయ్యేదో ఆలోచించమన్నాడు. ఆఫీసరుకు అది ముందే తెలుసని నేను చెప్పలేదు. నా వార్త మాత్రం అచ్చయింది. 'సూర్యాపేటలో అధికారి పర్యటన. స్థానిక ప్రముఖుని ఇంట విందు. సమస్యలు సావధానంగా విన్నారు.' మూడు వాక్యాలు. మూడూ నేను రాసినవే. 'సావధానంగా' అన్న మాట కూడా నాదే.

ఆమె ఆ నెలలోనే పల్లెకు వెళ్లిపోయింది. వెళ్లేముందు గుంటలోని బూడిద అంతా తీసి పెంటలో పోసిందని తర్వాత తెలిసింది. బొంబాయాయన ఇంకో వంటమనిషిని పెట్టాడు గాని నిప్పు ఎవరికీ లొంగలేదు. గది నిండా పొగ. కొన్నాళ్లకు గుంట మీద బండలు పరిచి ధాన్యం బస్తాలు వేశారు.

మేం పెట్టిన దరఖాస్తులు మూడు. రెండో ఏడు జైలు నుంచి ఒక కార్డు వచ్చింది, ఇంగ్లీషులో. ఆమె పల్లె నుంచి నడిచి సూర్యాపేట వచ్చి నా చేత చదివించుకుంది. జ్వరంతో పోయాడని, అంత్యక్రియలు అక్కడే జరిపామని రాసి ఉంది. నేను చదివి తెలుగులో చెప్పాను. కార్డు తీసుకొని చెంగున కట్టుకొని వెళ్లింది.

ఆ తర్వాత ఏడాదికేమో, వానలు పడని వార్త రాయడానికి ఆత్మకూరు వైపు వెళ్లాను. ఆమె ఇల్లు కనుక్కొని వెళ్లాను. పగటి పూట. ముసలిదైపోయింది. కూర్చోమంది. మూడు రాళ్ల పొయ్యి మీద జొన్నరవ్వ గటక వండి, చింతపండు చారుతో పెట్టింది. నేను తింటున్నంతసేపూ ఏమీ అడగలేదు. వానల మాట కూడా ఎత్తలేదు. తిన్నాక చెంబు పట్టుకొని నాతో బయటికి వచ్చి చేతిమీద నీళ్లు పోసింది. కొంగు అందించింది. నేను చెయ్యి తుడుచుకునేదాకా ఆగింది.

"ఒక్క మాట అడుగుత బిడ్డా. గా సారు గానాడు నన్నెందుకు అడిగిండు, ఏమన్న గావాల్నా అని? పిల్లగాని సంగతి ఎరికయ్యే అడిగిండా, ఊరికెనే అడిగిండా?"

"ఊరికెనే అడిగిండు పెద్దమ్మా" అన్నాను.

"గదే నేననుకున్న" అంది. చెంబులో మిగిలిన నీళ్లు దొడ్లో మిరపచెట్టు మొదట్లో పోసి లోపలికి వెళ్లింది.